దగ్గు వచ్చే వాక్యం

శ్రీదుర్గ పుస్తకం చదువుతోంది. అది చూసి పెర్సిస్‌కి సంతోషం కలగాలి. కానీ భయం వేసింది.

పదకొండేళ్ల శ్రీదుర్గకి మొన్న జూన్ దాకా అక్షరాలు నిలిచేవి కావు. ఈరోజు నేర్చుకున్న అక్షరం మర్నాటికి కొత్త మనిషిలా కనపడేది. పెదపాడు మండలంలో కొల్లేటి వైపు ఉన్న ఆ చిన్న ఊళ్లో, బడి వరండా చివర చాప వేసుకుని వారానికి రెండు రోజులు పెర్సిస్ ఆ పిల్లకి విడిగా చెప్పేది. పెర్సిస్ ఏలూరులో ఉంటుంది. చదువు అంటని పిల్లల కోసం ఐదు బళ్లు తిరిగే స్పెషల్ టీచర్. పళ్లెంలో బియ్యప్పిండి పరిచి వేలితో దిద్దించింది. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి కళ్లు మూసుకుని తడిమించింది. మూడేళ్లు కష్టపడితే శ్రీదుర్గకి పద్దెనిమిది అక్షరాలు వచ్చాయి. కోపం మాత్రం తగ్గలేదు. పలక విసిరేది, బల్ల కింద దూరి అరిచేది, దగ్గరికొచ్చిన వాళ్ల చెయ్యి కొరికేది.

అందుకే జూన్‌లో పెర్సిస్ ఒక కాగితం రాసిచ్చింది. తాడేపల్లిగూడెంలో ఇలాంటి పిల్లల కోసం ప్రసన్నలక్ష్మి అనే ఆవిడ హాస్టల్‌తో సహా ఒక సెంటర్ నడుపుతోందని, అక్కడికి పంపిన పిల్లలు నెమ్మదిస్తున్నారని, చదువుతున్నారని తోటి టీచర్లు చెప్పుకునేవారు. పెర్సిస్ ఆ సెంటర్‌ని వెళ్లి చూడలేదు. చూడకుండానే రాసింది.

ఇప్పుడు దసరా సెలవులు. శ్రీదుర్గ నాలుగు నెలల తర్వాత ఇంటికొచ్చింది. ఎలా ఉందో చూద్దామని పెర్సిస్ స్కూటీ మీద వాళ్లింటికి వెళ్లింది.

"వాన వెలిసింది. చెరువు గట్టున కప్పలు అరుస్తున్నాయి. అమ్మ గొడుగు మడిచి..." అని చదివి శ్రీదుర్గ రెండుసార్లు పొడిగా దగ్గింది. "గుమ్మం పక్కన పెట్టింది."

తండ్రి బంగార్రాజు చేపల చెరువు లీజుకి తీసుకుని చేసుకుంటాడు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, కూతుర్ని ఎవరో కలెక్టరుని చూసినట్టు చూస్తున్నాడు.

"చూసేరా మేడంగారూ. నాలుగు నెలలండి. ఒక్కరోజు అరవలేదు, ఒక్కళ్లని కొరకలేదు. అంతా మీ చలవేనండి."

"ఇంకోసారి చదువమ్మా" అంది పెర్సిస్.

శ్రీదుర్గ మొదటినుంచీ చదివింది. అదే వేగం, అవే విరుపులు. గొడుగు మడిచిన చోట మళ్లీ రెండు దగ్గులు.

మూడోసారి చదువుతుంటే పెర్సిస్ అరచేత్తో పేజీ మూసేసింది. చదువు ఆగలేదు. పేజీలు తిప్పి రైలు బొమ్మ ఉన్న వేరే పాఠం ముందు పెట్టింది. ఆ రైలు బొమ్మని చూస్తూ శ్రీదుర్గ, "అమ్మ గొడుగు మడిచి" అని దగ్గింది.

"గొడుగు అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

శ్రీదుర్గ పేజీ వంక చూసింది, టీచర్ వంక చూసింది. తర్వాత మెల్లగా నవ్వింది. ఆ నవ్వు పెదవి ఎడమ చివర మొదలై అక్కడే ఆగిపోయింది. మూడేళ్లలో పెర్సిస్ ఆ పిల్ల నవ్వు చాలాసార్లు చూసింది. ఇది ఆ నవ్వు కాదు.

"టీచరమ్మగారూ, ఒక్కసారి ఇలా వస్తారా" అని వంటింట్లోంచి పిలుపు వచ్చింది. పిలిచింది నాయనమ్మ పాపాయమ్మ. పెర్సిస్ లోపలికి వెళ్లగానే ముసలావిడ గొంతు తగ్గించింది.

"ఇది మా పిల్ల కాదండి."

"అదేంటండీ మామ్మగారూ."

"కుడిచేత్తో తినేది, ఇప్పుడు ఎడమచేత్తో తింటుందండి. చేప ముక్క లేకపోతే కంచం ముందు కూర్చునేది కాదా, ఇప్పుడు చేప వాసనకి మొహం తిప్పుకుంటుంది. పెరుగన్నంలో పంచదార కావాలంట. మా ఇంటా వంటా లేని తిండి. పేరు పెట్టి పిలవండి మీరు, పలుకుతుందేమో చూద్దాం."

పెర్సిస్ గుమ్మంలోకి వచ్చి "దుర్గా" అని పిలిచింది. రెండోసారి గట్టిగా పిలిచింది. పిల్ల తల తిప్పలేదు.

"నిన్న పక్కింటావిడ సెలవులకొచ్చిన మనవణ్ణి హర్షా అని కేకేసిందండి" అంది పాపాయమ్మ వెనకనుంచి. "ఆ కుర్రాడికంటే ముందు ఇది పరిగెత్తుకెళ్లింది. ఏదో పట్టిందండి దీనికి. కైకలూరు అవతల తాయెత్తు కట్టేవాడొకడు ఉన్నాడు, తీసుకెళ్లమంటే వీడు వినడు."

"అమ్మా, నీ గోల నీది" అన్నాడు బంగార్రాజు. "అరిస్తే పిచ్చన్నావు. నెమ్మదిగా ఉంటే దెయ్యమంటావు. అసలు పిల్ల ఎలా ఉండాలో ఓ కాగితం మీద రాసివ్వు, మేడంగారు అలాగే తయారు చేయిస్తారు."

"నీ మొహం. నాకు రాయడమొస్తే నీతో మాట పడతానా."

పెర్సిస్ నవ్వలేదు. దయ్యాల మీద ఆమెకి నమ్మకం లేదు. కానీ చదవడం రాని పిల్ల చదివినట్టు చేస్తోందంటే, ఎవరో ఆ పిల్లలో ఇంకెవర్నో పెట్టారు. ఎలా పెట్టారో, ఎవర్ని పెట్టారో తెలియాలి.

"మళ్లీ ఎప్పుడు దింపుతున్నారండీ?"

"సోమవారమండి. రెండో టర్ముకి ఎవర్నీ ఆలస్యం చెయ్యొద్దని ఆ మేడంగారు ఫోన్ చేసేరు."

"నేను వెళ్లి చూసొచ్చేదాకా పంపకండి బంగార్రాజుగారూ. రేపే వెళ్తాను."

"ఆయ్, అలాగేనండి" అన్నాడతను. మొహంలో మాత్రం ఇష్టం లేదు.

ఊరు దాటాక స్కూటీ ఆపి అత్తిలిలో పనిచేసే తోటి స్పెషల్ టీచర్ వీరేంద్రకి ఫోన్ చేసింది. అతను కూడా జూన్‌లో రమ్యశ్రీ అనే అమ్మాయిని అదే సెంటర్‌కి పంపాడు.

"రమ్యశ్రీ ఇంటికొచ్చిందాండీ?"

"వచ్చిందండి. నాకంటే బాగా చదువుతుంది. రేపో మాపో నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉంది."

"చదువుతూ ఎక్కడైనా దగ్గుతుందా?"



"గొడుగు దగ్గరండీ" అన్నాడు వీరేంద్ర. అతని గొంతులో వేళాకోళం పోయింది. "జలుబనుకున్నాను."

"పెరుగన్నంలో పంచదార అడుగుతుందేమో కనుక్కోండి. ఏ చేత్తో తింటుందో కూడా."

"కనుక్కోవడమెందుకండీ. నిన్న వాళ్లింట్లోనే ఉన్నాను. ఎడమచేత్తో తింది." వెంటనే, "పెర్సిస్‌గారూ, మనమేం చేశామండీ?" అని అడిగాడు.



శనివారం పొద్దున్న ఏలూరులో పాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో దిగింది. సెంటర్ ఊరి చివర రెండంతస్తుల మేడ. గేటుకి తాళం లేదు. కుక్క లేదు. చెప్పులు విప్పుతుంటే ఆ చప్పుడు ఆమెకే పెద్దగా వినిపించింది. పిల్లలుండే ఇంట్లో ఎక్కడో ఒకచోట కుళాయి కారుతూ ఉంటుంది, ఎవరో ఎవర్నో గిల్లుతూ ఉంటారు. ఇక్కడ ఆ జాడే లేదు.

ప్రసన్నలక్ష్మి ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి. గంజి పెట్టిన నేత చీర, నున్నగా దువ్విన తల, చాలా మెత్తని గొంతు.

"రండి పెర్సిస్‌గారూ. మీ పేరు కాగితాల మీద చూశాను. ఎండన పడి వచ్చేరు. నీళ్లు తాగుతారా?"

గోధుమరంగు చొక్కా, నిక్కరు వేసుకున్న ఒక అమ్మాయి స్టీలు గ్లాసు తెచ్చింది. జుట్టు అబ్బాయిలా కత్తిరించి ఉంది. ఎడమచేత్తో ఇచ్చింది.

"నీ పేరేంటమ్మా?"

పిల్ల ప్రసన్నలక్ష్మి వంక చూసింది. పెదవులు కదిలాయి. "శాలి..." అని సగం మాట వచ్చింది. ప్రసన్నలక్ష్మి చూపు ఆ పిల్ల మొహం మీదుగా జారి వెనక గోడ మీదికి వెళ్లింది, మధ్యలో ఎవరూ లేనట్టు. పిల్ల నోరు మూసుకుంది. పెదవి ఎడమ చివరతో నవ్వింది. వెంటనే ఆవిడ కళ్లు పిల్ల మీదికి తిరిగొచ్చాయి, వెలిగాయి. "పైకి వెళ్లి పడుకో నాన్నా" అంది ప్రసన్నలక్ష్మి, పిల్ల చెంప నిమిరి.

పెర్సిస్‌కి చేతిలో గ్లాసు చల్లగా తగిలింది.

"పదకొండింటికి పడుకోవడమేంటండీ?"

"రెండో టర్ము ముందే మొదలుపెట్టిన వాళ్లు. ఎనిమిది మంది ఉన్నారు. మిగతా వాళ్లు సోమవారం వస్తారు."

"మీ పద్ధతి తెలుసుకుందామని వచ్చానండి."

"కొత్తదేం కాదు. మీరూ చెప్తారుగా తల్లిదండ్రులకి." ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "పిల్లకి అన్నీ ఒక్కసారే నేర్పితే గందరగోళపడుతుంది. ఒక్క నమూనా చూపించాలి. ఆ నమూనాలా చేసినప్పుడల్లా వెంటనే మెచ్చుకోవాలి. నమూనాలో లేనిది చేస్తే పట్టించుకోకూడదు. నేను తిట్టనండి. కొట్టను. గదిలో పెట్టి తలుపెయ్యను. నాకు కనపడదు, అంతే. వంటమనిషికీ కనపడదు. మొదటి వారం ఏడుస్తారు, విసురుతారు, కొరుకుతారు. ఎవరికీ కనపడకుండా ఏ పిల్లయినా ఎన్నాళ్లుంటుంది? పది రోజులు. పదకొండో రోజు నేను చూసేదే చేస్తుంది."

అనవసరమైన ప్రవర్తనని పట్టించుకోకండి, కావలసిన ప్రవర్తనని వెంటనే మెచ్చుకోండి. ఈ మాటలు పెర్సిస్ తన చేత్తో రాసి, జిరాక్స్ తీయించి, ఐదు ఊళ్లలో పంచింది. పాపాయమ్మకి చదివి వినిపించింది కూడా. పట్టించుకోకూడనిది ప్రవర్తననే గాని పిల్లని కాదని ఆ కాగితంలో ఒక్క వాక్యం రాసిందా అని గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు.

పైనుంచి ఒక పిల్లాడి గొంతు వినపడింది. రికార్డింగు. "వాన వెలిసింది. చెరువు గట్టున కప్పలు అరుస్తున్నాయి. అమ్మ గొడుగు మడిచి..." రెండు పొడి దగ్గులు.

"నమూనా ఎవరండీ?" అంది పెర్సిస్.

"మా హర్షవర్ధన్." ప్రసన్నలక్ష్మి మొహం పసిపిల్ల మొహంలా విచ్చుకుంది. "చదవలేడని మూడు స్కూళ్లు బయటికి పంపేశాయి. మొద్దు అనేవారు. నేనే కూర్చోబెట్టుకుని నేర్పాను. పదకొండో ఏట ఈ పాఠం ఒక్కటి చదివాడు. నాలుగు నిమిషాలు, తప్పు లేకుండా. ఒళ్లు వెచ్చగా ఉందమ్మా అన్నాడు, చదివేసి పడుకుందువులే అన్నాను. చదివేసి పడుకున్నాడు."

"తర్వాత?"

"రెండు రోజులు పడుకున్నాడు."

"అయ్యో. ఎన్నేళ్లయింది అండీ అబ్బాయి పోయి?"

ఆవిడకి ఆ ప్రశ్న అర్థమైనట్టు లేదు. "ఎక్కడికి పోతాడండీ? ఇప్పుడే గదా మీకు మంచినీళ్లిచ్చాడు. ఇరవై ఆరుగురున్నారు."

పెర్సిస్ గ్లాసు కింద పెట్టింది. లేచి వెళ్లిపోవాలని కాళ్లు లాగాయి. కానీ పైన ఎనిమిది మంది పిల్లలున్నారు.

"రెండో టర్ము పాఠం చూడొచ్చా?"

"తప్పకుండా. టీచరుగారికి కాకపోతే ఎవరికి చూపిస్తాను."

పైన పొడుగాటి హాలు. కర్టెన్లు వేసి ఉన్నాయి. తొమ్మిది మంచాలు వరసగా ఉన్నాయి. ఎనిమిది మంచాల మీద ఎనిమిది మంది పిల్లలు, ఆడపిల్లలూ మగపిల్లలూ అందరికీ ఒకటే క్రాపు, గొంతు దాకా తెల్లదుప్పటి, నుదుటి మీద తడిగుడ్డ. కళ్లు మూసుకుని ఉన్నారు. చిన్నచిన్న ఊపిర్లు తీస్తున్నారు. ఎనిమిది మందీ ఒకేసారి పీలుస్తున్నారు, ఒకేసారి వదుల్తున్నారు.

ఇందాక నీళ్లిచ్చిన పిల్ల ఈ చివర మంచం మీద ఉంది. పెర్సిస్ నుదుటి మీద గుడ్డ తీసి చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది.

"జ్వరం లేదండీ వీళ్లకి."

"వాడికి ఉంది" అంది ప్రసన్నలక్ష్మి. "పాఠం చదివిన రోజు మాత్రమే వాడిదా? ఆ రెండు రోజులు కూడా వాడివే కదా. అవి కూడా నేర్చుకోవాలి. ఇది మొదటి రోజు మధ్యాహ్నం."

"మూడో రోజు ఏం నేర్పుతారు?"

ఆవిడ ఆ తడిగుడ్డని మళ్లీ పిల్ల నుదుటి మీద పరిచి, అంచులు సరిచేసింది.

"దానికింకా టైముందండి. తొందరపెట్టకూడదు. మెట్టు మెట్టుగా నేర్పాలి. మీకు తెలియనిదేముంది."

తొమ్మిదో మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. తలగడ మీద గుడ్డ మడత పెట్టి ఉంది. అది ఎవరిదని పెర్సిస్ అడగలేదు.

ఫోన్ వచ్చినట్టు చేసి బాల్కనీలోకి వెళ్లింది. పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, అడ్రసు, మంచాలు, పిల్లల సంఖ్య చెప్పింది. మూడో రోజు సంగతి చెప్పేటప్పుడు మాట తడబడింది. ఇప్పుడే బయల్దేరుతున్నామని, గంటలో వస్తామని, పిల్లల్ని వదిలి వెళ్లొద్దని అవతలి మనిషి చెప్పింది. ఫోన్ పెడుతుంటే కింద గేటు ముందు పాత మారుతి వ్యాన్ ఆగింది. డ్రైవరు సీటులోంచి బంగార్రాజు దిగాడు. వెనక తలుపు తీసి సంచీ దించాడు. తర్వాత శ్రీదుర్గని దించాడు.

పెర్సిస్ రెండేసి మెట్లు దిగింది. "సోమవారమన్నారు కదండీ. నేను చెప్పేదాకా ఆగమన్నాను కదా."

"మా అమ్మ ఊరుకోలేదండి. పొద్దున్నే ఆ తాయెత్తు వాణ్ణి ఇంటికే రప్పించింది. పిల్లకి పొగ పెడతానంటాడు. నాకు ఒళ్లు మండి తీసుకొచ్చేశానండి. ఇక్కడైతే క్షేమంగా ఉంటుందని."

"ఇక్కడ ఉండకూడదు. వెనక్కి ఎక్కించండి."

"ఏంటండీ మీరు కూడానూ. మీరేగా పంపమని రాసిచ్చారు."

"నాది తప్పు. ఎక్కించండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఈలోపు గుమ్మంలోంచి మెత్తగా ఒక గొంతు వచ్చింది. "హర్షా. వచ్చావా నాన్నా."

శ్రీదుర్గ తండ్రి చెయ్యి వదిలేసి వెళ్లింది. ప్రసన్నలక్ష్మి చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఆవిడతో పాటు మెట్లెక్కింది.

"ముద్దుపేరేమోనండి" అన్నాడు బంగార్రాజు. అనుమానం అతని గొంతులోకి అప్పుడే వచ్చింది. పెర్సిస్ అతని మోచెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్లింది. వివరించేంత టైము లేదు, చూపిస్తే చాలు.

వాళ్లు హాల్లోకి అడుగుపెట్టేసరికి శ్రీదుర్గ తొమ్మిదో మంచం ఎక్కేసింది. ఎవరూ చెప్పకుండానే వెల్లకిలా పడుకుని దుప్పటి గొంతు దాకా లాక్కుంది. చేతులు రెండు వైపులా పెట్టుకుంది. ప్రసన్నలక్ష్మి తడిగుడ్డ వేసింది. పిల్ల కళ్లు మూసుకుంది. రెండు మూడు ఊపిర్లు మామూలుగా తీసింది. తర్వాత మిగతా ఎనిమిది మందితో కలిసిపోయింది.

బంగార్రాజు ఆ వరస మొత్తం చూశాడు. చెరువులో చేపలు చచ్చి తేలిన రోజున గట్టు మీద నిలబడ్డ మనిషిలా నిలబడిపోయాడు.

"దుర్గా" అన్నాడు. "అమ్మా దుర్గా. లే, పోదాం."

ఊపిరి మారలేదు.

"నిద్ర పాడుచెయ్యకండి బాబూ" అంది ప్రసన్నలక్ష్మి. "ఒళ్లు వెచ్చగా ఉంది వాడికి."

"పిలిస్తే రాదండీ" అంది పెర్సిస్. "ఎత్తుకోండి."

"మీద చెయ్యేస్తే ఊరుకోదండి. మీకు తెలుసుగా."

"తెలుసు. అందుకే ఎత్తుకోమంటున్నా."

అతను వంగి, దుప్పటితో సహా కూతుర్ని ఎత్తి గుండెకి అదుముకున్నాడు. కొన్ని క్షణాలు ఆ ఒళ్లు కర్రలా ఉంది. ప్రసన్నలక్ష్మి చేతులు చాచి వచ్చింది. "వదలండి. హర్షా, భయపడకు నాన్నా, అమ్మ ఇక్కడే ఉంది. హర్షా..."

అప్పుడు పిల్ల మెడ నరాలు బిగిశాయి. కాళ్లు దుప్పట్లో కొట్టుకున్నాయి. గొంతులో ఎక్కడో అడుగునుంచి ఒక శబ్దం బయల్దేరి, దారిలో పెద్దదై, కేకై బయటికొచ్చింది. బంగార్రాజు భుజం మీద పళ్లు దిగాయి.

ప్రసన్నలక్ష్మి మాట మధ్యలో ఆగింది. చాచిన చేతులు కిందికి వాలాయి. ఆవిడ చూపు తండ్రీకూతుళ్ల మీదనుంచి జారి ఖాళీ మంచం మీదికి వెళ్లింది. వంగి, ముడతపడ్డ పరుపు మీద అరచేతులతో నిమరడం మొదలుపెట్టింది. మూడడుగుల దూరంలో ఒక పిల్ల ప్రాణం పోయేలా అరుస్తోంది. ఆవిడకి అది వినపడటం లేదు.

పెర్సిస్‌కి అప్పుడు దారి కనపడింది. ఆవిడ నియమమే ఆవిడ కళ్లకి గంతలు. హర్ష చెయ్యనిది చేసే పిల్ల ఆవిడ ముందునుంచే నడిచి వెళ్లిపోవచ్చు.

"మీరు కిందికి వెళ్లండి. అరవనివ్వండి దాన్ని, ఆపకండి" అని బంగార్రాజుకి చెప్పి, పెర్సిస్ ఈ చివర మంచం దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల కళ్లు తెరుచుకుని ఉన్నాయి. జరిగింది చూసింది.

"శాలిని కదూ నీ పేరు?"

తల కొద్దిగా ఊగింది.

"ఆవిడకి నచ్చనిది నీకేం వచ్చో చెయ్యి శాలినీ. ఏదైనా సరే."

శాలిని లేచి కూర్చుంది. తడిగుడ్డ తీసి చేత్తో బరువు చూసింది. గట్టిగా గిరగిర తిప్పి ప్రసన్నలక్ష్మి వీపు మీదికి విసిరింది. గుడ్డ తపక్కున తగిలి కింద పడింది. ఆవిడ తిరిగి చూడలేదు. శాలిని నోరు తెరుచుకుంది. పక్క మంచం మీద పిల్లాడి దుప్పటి లాగేసింది. వాడు దాన్ని తొక్కాడు. ఇంకొకతె మంచం మీద నిలబడి ఎగరడం మొదలెట్టింది. ఒకడు కర్టెన్ పట్టుకుని వేలాడాడు, అది రింగులతో సహా ఊడొచ్చింది. హాలంతా ఒక్కసారి ఎండ పడింది. పెర్సిస్ ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ క్లాసులోనూ అంత అల్లరి చూడలేదు. చప్పట్లు కొట్టి ఆపడం ఆమెకి అలవాటు. చేతులు వాటంతటవే లేచాయి. బలవంతంగా దింపుకుంది.

చివరి మంచం మీద ఒక చిన్నపిల్ల మాత్రం కదల్లేదు. ఏడేళ్లుంటాయేమో. ఊపిరి ఇంకా చిన్నచిన్నగానే తీస్తోంది. ప్రసన్నలక్ష్మి వెళ్లి ఆ పిల్ల తల దగ్గర కూర్చుంది.

"నువ్వొక్కడివే మిగిలావు నాన్నా" అంది.

ఆ పిల్ల పేరు పెర్సిస్‌కి తెలియదు. ఊరు తెలియదు. ఏం చేస్తే కోపం వస్తుందో, ఏం చూస్తే నవ్వుతుందో ఏమీ తెలియదు. మూడు నెలలు పక్కన కూర్చుంటే గాని అవి తెలియవు. మంచానికి అటువైపు మోకాళ్ల మీద కూర్చుంది.

"నాకు నీ పేరు తెలీదమ్మా" అంది పిల్ల చెవి దగ్గర. "నువ్వే చెప్పాలి. తొందరేం లేదు. చెప్పేదాకా ఇక్కడే ఉంటాను."

మిగతా పిల్లలు శాలిని వెనకే మెట్లు దిగి పరిగెత్తారు. కింద పిల్లల గోల వీధిలోకి పాకింది. ఎవరో ఎవర్నో తిడుతున్నారు. పిల్ల కనురెప్పలు కదిలాయి. ప్రసన్నలక్ష్మి వంక చూడలేదు. పెర్సిస్ వంకా చూడలేదు. పైకప్పుకి చెప్పింది.

"నాకు ఉచ్చొస్తోంది."

ప్రసన్నలక్ష్మి చెయ్యి పిల్ల జుట్టులోంచి జారిపోయింది.

హెల్ప్‌లైన్ వాళ్లు వచ్చేసరికి ఎనిమిది మంది పిల్లలు ఎదురింటి అరుగు మీద బిస్కెట్ల కోసం కొట్టుకుంటున్నారు. చిన్నపిల్ల పేరు లిడియా అని, కామవరపుకోట దగ్గర ఊరని అప్పటికి తెలిసింది. పోలీసులు కూడా వచ్చారు. వాళ్లు పైకి వెళ్లి పిల్లలేరని అడిగితే ప్రసన్నలక్ష్మి నోటి మీద వేలు పెట్టిందట. తొమ్మిది ఖాళీ మంచాలు చూపించి, ఇప్పుడే నిద్రపట్టింది, మెల్లగా మాట్లాడండి అందట. ఆ మాట చెప్పిన కానిస్టేబుల్ తర్వాత చాలాసేపు గేటు బయటే నిలబడ్డాడు.

పెర్సిస్ వీరేంద్రకి ఫోన్ చేసింది. సోమవారం రావాల్సిన మిగతా పదిహేడు మంది ఇళ్లకీ సాయంత్రంలోగా కబురు వెళ్లింది.

ఏలూరు తిరిగి వెళ్లేటప్పుడు పెర్సిస్ వ్యాన్‌లో వెనక సీట్లో శ్రీదుర్గ పక్కన కూర్చుంది. గూడెం దాటినా ఏడుపు ఆగలేదు. అది బాధతో ఏడ్చే ఏడుపు మాత్రమే కాదు, అందులో కోపం ఉంది. మధ్యమధ్యలో సీటుని తంతోంది. పెర్సిస్ పుస్తకం తీయలేదు, పెన్ను తీయలేదు. ముందు ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, తర్వాత ఏం జరిగింది అని గళ్లు గీసి రాసే అలవాటు ఆమెది. ఇవాళ రాయడానికి చెయ్యి రాలేదు.

"అక్కడ చదివింది ఇంక చదవదాండీ?" అని అడిగాడు బంగార్రాజు అద్దంలోకి చూస్తూ. చొక్కా భుజం మీద రక్తం మరక ఎండిపోయింది.

"అది చదవడం కాదండి. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. జూన్‌లో ఉన్న పద్దెనిమిది అక్షరాలు కూడా ఉంటాయో లేదో తెలీదు."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"తెలీదండి."



టోల్‌గేటు దగ్గర బళ్లు బారు తీరి ఉన్నాయి. కిటికీ అద్దం దించి ఉంది. పక్క కారులో కూర్చున్న ఆవిడ ఈ అరుపులకి తల బయటికి పెట్టి, వెనక సీటులో దుప్పటి చుట్టుకుని అరుస్తున్న పిల్లని, భుజం మీద మరకతో ఉన్న బంగార్రాజుని, అతని పక్క ఖాళీ సీటుని మార్చి మార్చి చూసింది. పిల్లని ఎత్తుకుపోతున్నారేమోనన్న అనుమానం ఆవిడ మొహంలోనే తెలుస్తోంది. చేతిలో ఫోన్ కూడా తీసింది.

"ఏవండీ, ఎవరండీ ఆ పాప?"

రెండేళ్ల కిందటైతే బంగార్రాజు అద్దం ఎత్తేసేవాడు. పెళ్లిళ్లకి, పండగ పందిళ్లకి, బజారుకి, ఎక్కడికీ ఈ పిల్లని తీసుకెళ్లేవాడు కాదు. ఇప్పుడు అద్దం పూర్తిగా దించాడు.

"మా అమ్మాయండి" అన్నాడు. "శ్రీదుర్గ. దానికి కోపమొచ్చింది."

వెనక సీటులో ఏడుపు ఒక్క క్షణం ఆగింది. పెర్సిస్ ఉలిక్కిపడి పక్కకి చూసింది. శ్రీదుర్గ ముక్కు కారుతూ, కళ్లు వాచిపోయి, అద్దంలో కనపడుతున్న తండ్రి కళ్లలోకి చూస్తోంది. పేరు విన్నట్టే ఉంది. తర్వాత ఊపిరి బాగా పీల్చుకుని, ముందుకంటే గట్టిగా అందుకుంది.

బళ్లు కదిలాయి. ఇల్లు చేరేదాకా వాళ్లిద్దరిలో ఎవరూ ఆ పిల్లని ఊరుకోమనలేదు.